నీళ్లు రాని కాలవకు బెండ్లు

శనివారం పొద్దున పావని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. వలను లగేజీ ఆటోలోకి ఎక్కించాలి. మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరు మీదుగా, మధ్యాహ్నానికల్లా కుప్పం రైల్వే స్టేషను చేరాలి. వల విప్పి ఒక మనిషికి చూపించాలి. దారిలో ఎక్కడా ఆగకూడదు. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదని ఆమె పళ్లు తోముకుంటూ మరోసారి సరిచూసుకుంది.

వలంటే చేపలు పట్టే వల. మదనపల్లెలో చేపల వల దేనికని అడిగేవాళ్లకు పావని చిన్నాన్న కొడుకు ధనుష్ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "మాకు రెండు సముద్రాలుండాయి కదన్నా. రామసముద్రం ఒగటి, పెద్దతిప్పసముద్రం ఒగటి. రెంటికీ బస్సుండాది" అనేవాడు. నవ్వకుండా అనేవాడు. డిగ్రీ చదివిన మూడేళ్లలో అతను బాగా నేర్చుకున్నది నవ్వకుండా మాట్లాడటం ఒక్కటే. పావని కంపెనీలో అతను డ్రైవరు, పార్ట్‌నరు, పనివాళ్ల సంఘం కూడా.

ఇంజనీరింగు చదివే రోజుల్లో పావని కాలేజీ వాళ్లతో కలిసి సముద్రం చూడటానికి పోయింది. అందరూ అలలు చూశారు. ఆమె ఒడ్డున కుప్పలు పడి ఉన్న థర్మాకోలు ముక్కలు చూసింది. వల మునిగిపోకుండా పైఅంచుకు కట్టే బెండ్లట అవి. పాతబడితే తెగిపోయి, పొడిపొడి అయి, చేపల కడుపుల్లోకి చేరతాయట. తమ ఊళ్లో ఒకప్పుడు పిల్లలు ఈత నేర్చుకోవడానికి వీపుకు కట్టుకున్న కిత్తనార బెండు ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార చచ్చేముందు ఒక్కసారే పూస్తుంది. పూసేటప్పుడు నడిమధ్య నుంచి కరెంటు స్తంభమంత కాడ లేస్తుంది. ఎండితే ఆ కాడను చిటికెన వేలితో లేపొచ్చు. దాన్ని ముక్కలు కోసి, తొలిచి, గుగ్గిలమూ జీడిగింజల నూనే కలిపి పూత పెట్టి, పడవలోంచి కనబడేలా జాఫ్రా గింజలతో నారింజ రంగు వేస్తే వల బెండు తయారవుతుంది. పావని బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి ఈ పని మొదలుపెట్టింది. కంపెనీ పేరు కడలి. అక్కడ అల చప్పుడు వినాలంటే సెల్లులో వీడియో పెట్టుకోవాలి.

కంపెనీ ఉన్నది నిమ్మనపల్లె రోడ్డులో, ఆమె మేనత్త ఈశ్వరమ్మ పట్టుపురుగుల షెడ్డులో. ఒక్క ఏడాదికని ఇచ్చింది. ఆ ఏడాది అయిపోయింది.

"సోమారం పురుగులు దిగుతాయి" అని ఈశ్వరమ్మ ముందురోజే చెప్పేసింది. "ఈలోగా నీ బెండు కావాలని అడిగినోడు ఒగడైనా ఉంటే సెప్పు, ఆపేస్తా. పురుగులు ఆకు తినేసి గూడన్నా కడతాయి. నీ బెండ్లు ఏం జేస్తాయి? తేల్తాయి. వాటితో పాటు నువ్వూ తేల్తాండావు."

అందుకే కుప్పం ప్రయాణం. చెన్నై హార్బరు దగ్గర వలల వ్యాపారం చేసే ఉషారాణి ఆ రోజు బెంగళూరులో పెళ్లికి పోతూ, రెండు రైళ్ల మధ్య కుప్పంలో దిగడానికి ఒప్పుకుంది. ఫోనులో ఆమె రెండే మాటలు చెప్పింది. "ఒక్క బెండు ఎవరైనా తేలిస్తారమ్మా, వల నిండా కట్టి తీసుకురా" అనేది మొదటిది. రెండోది పావనికి నిద్ర లేకుండా చేసింది. "నీ సరుకు బాగుందని నువ్వు చెప్తే సరిపోదు. అడిగి తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

లేరు. నీళ్లు లేని సీమలో బెండు అడిగేవాడెవడు?

ఆటో మదనపల్లె దాటి పుంగనూరు దారిలో కొంత దూరం పోయాక ధనుష్ బండి ఆపాడు. టీ పడకపోతే బండి లాగదన్నాడు. టీ తాగేది బండి కాదు కదా అని పావని అడిగేలోగా అతను కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు.

ఆ టీకొట్టు కాలవ కట్ట పక్కనే ఉంది. పెద్దకాలవకు నీళ్లు వచ్చినా, దాంట్లోంచి చీల్చిన ఈ పిల్లకాలవకు మాత్రం తవ్విన నాటి నుంచి చుక్క రాలేదు. అందువల్ల అది చెడిపోకుండా ఉంది. ఊరి కుర్రాళ్లు అందులో క్రికెట్ ఆడతారు. రెండు వైపులా కట్టలు ఉండటంతో బంతి పోదు, చూసేవాళ్లకు గ్యాలరీ కూడా. ఆ గ్రౌండు బాగుందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు టోర్నమెంటుకు వస్తారు.

కొట్టులో ఉన్నవాళ్లందరూ ఆటో వైపు చూశారు. ఆటో నిండా వల, దాని మీద గుట్టగా నారింజ రంగు బెండ్లు, మోకులు. టీవీలో వరదలు చూపించేటప్పుడు తప్ప అంత నారింజ రంగు వాళ్లు చూసి ఎరగరు.

"యాడికప్పా ఈ వల?" అని మునెప్ప అనే పెద్దాయన అడిగాడు.

ధనుష్ టీ ఊదుకున్నాడు. "కాలవకు" అన్నాడు. మళ్లీ ఊదుకున్నాడు.

గ్లాసులు కడిగేవాడు కడగడం వదిలేసి కట్ట ఎక్కి చూశాడు. పావని ఆటోలోంచి దూకి పరిగెత్తుకొచ్చింది. తమ్ముడు ఎగతాళికి అన్నాడనీ, తమది కంపెనీ అనీ, ఇవి కుప్పం స్టేషనులో చూపించడానికి తీసుకుపోతున్న సముద్రపు బెండ్లనీ, కాలవకు నీళ్లు రావడం లేదనీ నాలుగు రకాలుగా చెప్పింది. మునెప్ప అంతా శ్రద్ధగా విన్నాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకొని కొట్టు వైపు తిరిగాడు.

"సూడండప్పా. ఈ కట్ట మింద నిలబడి నీళ్లొస్తాండాయని సెప్పినోళ్లు ఎందరు? లెక్క లేదు. ఒగరు సెప్పినప్పుడన్నా వచ్చినాయా? రాలే. రావట్లేదని సెప్పింది ఈ పాప ఒగతే." ఆయన అందరి మొహాలూ చూశాడు. "అంటే వస్తాండాయి."

కొట్టులోవాళ్లంతా తలలూపారు. పావనికి కూడా ఒక్క క్షణం నిజమేమో అనిపించింది.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. నీళ్లొస్తున్నాయన్న కబురు తెచ్చినవాళ్లను ఆకలితో పంపకూడదు. పంపితే నీళ్లు అలిగి వెనక్కి మళ్లిపోతాయి. ముత్తాతల కాలంలో ఏట్లో పారకం వచ్చినప్పుడు పరిగెత్తుకొచ్చి చెప్పినవాడికి సంగటి పెట్టేవాళ్లట. చాలా ఏళ్లుగా అవసరం పడకపోవడంతో ఆచారం కొత్తదానిలాగే ఉంది. మునెప్ప భార్య సిద్ధమ్మ ఇద్దర్నీ చెయ్యి పట్టుకొని ఇంటికి లాక్కెళ్లింది. మేము కబురు తెచ్చినవాళ్లం కాదమ్మా అని పావని మొత్తుకుంటే, తెలుసులేమ్మా, ఆఫీసర్లు బయటికి చెప్పకూడదు కదా అని బుజ్జగించింది. రాగి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి, అప్పటికప్పుడు కోసిన నాటుకోడి. ధనుష్ మూడు ముద్దలు తిని, ఆచారాలు కాపాడుకోవాలక్కా అన్నాడు.

చేతులు కడుక్కుంటూ ఉండగా సిద్ధమ్మ ఆటో దగ్గరికి పోయి ఒక బెండును పట్టుకొని చూసింది.

"ఒగటి ఈవమ్మా" అంది. "మాకు ముగ్గురు మనవళ్లు. ఈత రాదు. నీళ్లుంటే కదా నేర్సేది? ఇంతకాలం నీళ్లు రాలేదని ఏడిస్తిమి. ఇప్పుడు వస్తే ముందు మునిగేది ఈళ్లే."

ఆ మాట విన్నాక పావని చెయ్యి తనంతట తానే ముడి విప్పింది. నీళ్లు రావమ్మా అని చెప్తూనే విప్పింది. వెనక ఇంటివాళ్లు వచ్చారు. వాళ్లకూ పిల్లలున్నారు. ఆ ఊళ్లో పిల్లలు లేని ఇల్లు లేదు. ఇంటికొకటి అన్న మాట మీద బయటపడేసరికి వలకు ఒక మూల బోసిపోయింది. మిగతా మూడు మూలలూ చాలులే అనుకొని పావని ఆటో ఎక్కింది.

ఈలోపల టీకొట్టులో ఎవరో ఆటోను ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఆటో కంటే ఫొటో వేగంగా పోయింది. దానికి టీ అక్కర్లేదు.

పుంగనూరులో పంపుసెట్లు, పైపులు అమ్మే శ్రీరాములు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. చేతిలో శాలువా. ఆయన పొద్దున ఫొటో చూసిన వెంటనే మోటార్ల రేటు పెంచాడు. పెంచాక జనం ఎక్కువ వచ్చారు. అందువల్ల మళ్లీ పెంచాడు. నీళ్లు తెచ్చిన తల్లి అని పావనికి శాలువా కప్పి, తన చేత్తో ఇడ్లీలు తినిపించాడు. ఆచారం కూడా ఫొటోతో పాటే వచ్చింది.

అప్పటికి కబురు కాలవను దాటి చాలా దూరం వచ్చేసింది. నీళ్ల వెనకే పడవలు వస్తున్నాయని కొందరు, ఆ పడవల్లో ఏ ఊరికి ఎంత చార్జీయో కూడా కొందరు చెప్తున్నారు. ఇంక ఊరుకుంటే లాభం లేదని పావని అనుకుంది. ఆమె ఏదైనా అనుకుంటే ఆపడం కష్టం. పక్కనే పాత ఇనప సామాన్లు కొనే ఆటో ఒకటి మైకులో అరుస్తూ పోతోంది. ఆమె దాన్ని ఆపి, మైకు తీసుకుంది.

"అందరూ వినండప్పా. కాలవకు నీళ్లు రావట్లేదు. ఎవరూ మోటార్లు కొనొద్దు. ఇది మా కంపెనీ సరుకు. దయచేసి దోవ ఇడవండి."

బజారంతా మైకు చుట్టూ మూగింది. మైకులో చెప్పారంటే చిన్న విషయం కాదు. తుఫాను వచ్చినప్పుడు సముద్రం ఒడ్డున ఇలాగే మైకులో చెప్తారని టీవీలో చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. వచ్చేది మామూలు నీళ్లు కావని శ్రీరాములుకు కూడా ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది. ఆయన మోటార్ల సంగతి వదిలేసి తన ఇద్దరు కూతుళ్ల కోసం రెండు బెండ్లు అడిగాడు. ఆయన అడిగాక బజారు అడిగింది. పావని వల మీదికెక్కి కూర్చొని చేతులు అడ్డం పెట్టింది. ఒక చంకలో చంటిబిడ్డను, ఇంకో చంకలో ఇంకో చంటిబిడ్డను పెట్టుకొని ఒక తల్లి ముందుకొచ్చింది. పావని చేతులు దించేసింది.

పుంగనూరు పొలిమేర దాటుతుండగా ఈశ్వరమ్మ ఫోను చేసింది. సగం వల ఖాళీ అయిందని చెప్పడానికి పావనికి నోరు రాలేదు. అత్త ఆ సంగతి అడగలేదు.

"అదేమో గానీ, నీళ్లొస్తాండాయంట కదే" అంది ఈశ్వరమ్మ గొంతు తగ్గించి. "ఇరుగుపొరుగుకు సెప్పొద్దు. నాకు ఒగటి ఎత్తిపెట్టు."

ఆ తర్వాత దారి పొడుగునా విస్తళ్లే. ఒక ఊళ్లో తప్పెట్లు కొట్టారు. ఒక ఊళ్లో గొర్రెల్ని గుట్ట మీదికి తోలేశారు. ఇంకో ఊళ్లో అవ్వ ఒకామె ఆటో చక్రానికి పసుపు పూసి, నీళ్లొచ్చేముందు ఒక పూట అటూ ఇటుగా చెప్తే మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు తీసి దాచుకుంటానని అడిగింది. ప్రతిచోటా పావని నిజం చెప్పింది. ఆమె ఎంత గట్టిగా చెప్తే అంత పెద్ద విస్తరి వేశారు. బెండ్ల బరువు తగ్గేకొద్దీ ధనుష్ బరువు పెరగడంతో ఆటో మైలేజీలో మాత్రం తేడా రాలేదు. ఆరో ఊళ్లో పొంగలి చూసి అతను స్టీరింగు మీద తల ఆనించాడు.

"తప్పైందక్కా" అన్నాడు. "ఒగ మాటకు ఇంత తిండి పెడతారని తెలిస్తే నోరు ఇప్పను."

కుప్పం చేరేసరికి కబురు ఓడరేవు అయిపోయింది. ఊరి మొదట్లో ఒకతను అప్పటికే కొన్ని ఖాళీ స్థలాలను రేవుకు దగ్గర అని చెప్పి చూపిస్తున్నాడు. స్టేషను ముందు పావని ఆటో దిగి వెనక్కి వచ్చి చూసింది. వల ఉంది. మోకులు ఉన్నాయి. బెండ్లు కట్టిన చోట తెగిన దారాలు ఉన్నాయి. బెండు మాత్రం ఒక్కటి కూడా లేదు. ఈశ్వరమ్మ కోసం సీటు కింద దాచినదాన్ని కూడా వడియాల అవ్వ కనిపెట్టి తీసుకుంది.

ధనుష్ మొదటిసారి నిజంగానే నవ్వకుండా మాట్లాడాడు. "ఎనక్కి పోదామాక్కా? బండి చెడిపోయిందని చెప్పేస్తా."

పావని కొంగుతో మొహం తుడుచుకుంది. సోమవారం పురుగుల ఆకుబుట్టలు దిగే షెడ్డు ఆమె కళ్లముందు కనిపించింది.

"వద్దు. వల ఉండాది, నోరుండాది. పట్టు ఆ కొస" అంది.

ఇద్దరూ వలను ప్లాట్‌ఫారం బయట ఉన్న గోడ మీద ఆరేసినట్టు పరిచారు. రైలు దిగిన ఉషారాణి దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. యాభై దాటిన మనిషి, పట్టుచీర కట్టుకొని ఉంది, చేతిలో పెళ్లికి తీసుకెళ్లే కానుక. పావని జరిగినదంతా చెప్పింది. టీ దగ్గర నుంచి వడియాల దాకా ఏదీ దాచలేదు. చెప్తున్నకొద్దీ అది అబద్ధంలా వినిపిస్తోందని ఆమెకే తెలుస్తోంది.

"ఖాళీ వల నేనూ తేగలనమ్మా" అంది ఉషారాణి. కోపం లేదు, జాలి ఉంది. అదే ఎక్కువ నొప్పి పెట్టింది. "పెళ్లికి తొందర ఉంది. ఇంకోసారి చూద్దాం."

ఆమె బ్యాగు ఎత్తుకుంటుండగా స్టేషను ముందుకు టమాటాలు తోలే వ్యాను ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. దాని నిండా మనుషులు. ముందు సీట్లోంచి సిద్ధమ్మ దిగింది, వెనక నుంచి మునెప్ప దిగాడు. నీళ్లు రాలేదని తెలిసి కొట్టడానికి వచ్చారని ధనుష్‌కు అర్థమైంది. అంతసేపూ కదలలేక ఉన్న మనిషి, ఆరు భోజనాలతో సహా ఆటో కిందికి దూరిపోయాడు.

పావని మాత్రం దూరలేదు. ముందుకు పోయి, "నేను మొదట్నించీ చెప్తానే ఉండా కదమ్మా, నీళ్లు రావని" అంది.

"నీళ్లా? అవెందుకొస్తాయి" అంది సిద్ధమ్మ. "రాకపోవడం మాకేం కొత్తా? దానికి వ్యాను మాట్లాడుకొని వస్తామా? మాకు బెండ్లు కావాల."

వెనకనుంచి ఒక పిల్లాణ్ని ముందుకు తోసింది. అంత దూరం వ్యానులో వచ్చినా వాడి బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి, వీపుకు నారింజ బెండు కట్టి ఉంది. సంగతేమిటంటే, పావని వాళ్లు వెళ్లిపోయాక ఊళ్లో ఎవరికీ ఆగలేక, టమాటా తోటకు నీళ్లు నిలవబెట్టుకునే గుంటలో బెండును వేసి చూశారు. తేలింది. పిల్లాడికి కట్టి దించారు. తేలాడు. పందెం వేసుకొని బర్రెదూడకు నాలుగు కట్టి దించారు. అది కూడా తేలింది, బయటికి రానంది. ఇప్పుడు అది ఇంకా గుంటలోనే ఉందట.

"ఇంటికొగటి ఇచ్చి పోతివి" అని సిద్ధమ్మ నిలదీసింది. "మా ఇంట్లో ముగ్గురు. ఒగనికి కడితే ఇద్దరు ఏడుస్తాండారు. ఎవుర్ని మునగమంటావు, నువ్వే సెప్పు."

ఉషారాణి బ్యాగు కింద పెట్టింది. పిల్లాడి దగ్గరికి పోయి బెండు విప్పి చేతిలోకి తీసుకుంది. గోటితో గీకింది. చెవి దగ్గర పెట్టుకొని వేలితో కొట్టింది. వాసన చూసింది. తడి తుడిచి అరచేతిలో తూచింది.

"ఎంతసేపు నీళ్లలో ఉంది?"

"ఈడు గట్టెక్కితే కదా సెప్పేదానికి" అన్నాడు మునెప్ప. "కడుపుకు అన్నం పెడతామంటేనే బయటికొచ్చినాడు."

"చుక్క కూడా పీల్చలేదు" అని ఉషారాణి తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత పావని వైపు తిరిగి, దారిలో ఎవరినైనా ఇవి కొనమని అడిగావా అంది.

"లేదు. ఇయ్యనని చెప్పినా" అంది పావని. "కానీ మేడమ్, వీళ్లు తీసుకుంది నీళ్లొస్తాయనుకొని. నీళ్లు లేవు. అది లెక్కలోకి రాదు కదా."

ఉషారాణి బెండును తిరిగి పిల్లాడి వీపుకు కట్టింది.

"మా హార్బర్లో రోజూ వలలు కొంటారు. నీళ్ల కింద చేపలున్నాయని ఏ ఒక్కడైనా చూసి కొన్నాడనుకున్నావా?" అంది. "నాలుగు పడవల వలలకు సరిపడా పంపించు. ఒక సీజను ఉప్పునీళ్లలో ఉండనీ. నిలిస్తే మా వాళ్లు థర్మాకోలు ముట్టకుండా నేను చూసుకుంటాను."

ఆటో కింద నుంచి ఒక తల బయటికి వచ్చి, కొట్టేవాళ్లు ఎవరూ లేరని రూఢి చేసుకొని, మిగతా ధనుష్‌ను కూడా బయటికి లాగింది.

ఉషారాణి రెండో రైలు కొంచెంలో తప్పిపోయేది. కారణం సిద్ధమ్మ. సముద్రం దగ్గరి నుంచి వచ్చిన మనిషిని ఆకలితో పంపితే ఏమవుతుందో తనకు తెలుసని, క్యారియరు విప్పి ప్లాట్‌ఫారం మీదే సంగటి పెట్టింది. పట్టుచీర మీద ఊరిబిండి పడకుండా పావని పక్కన నిలబడి శాలువా అడ్డం పట్టుకుంది.

సోమవారం షెడ్డులోకి పురుగులు దిగలేదు. దిగినవి కిత్తనార కాడలు. ఊళ్లోవాళ్ల బెండ్లు ముందా, పడవల బెండ్లు ముందా అని ధనుష్ అడిగితే, పిల్లలవి ముందు అని పావని చెప్పి రంపం అందుకుంది. ఈశ్వరమ్మ వచ్చి గడప మీద కూర్చొని, తనకు రావలసినది ఎక్కడుందో చెప్పేదాకా లేవనంది. నీళ్లు రావట్లేదత్తా అని పావని మరోసారి చెప్పింది. ఈశ్వరమ్మ అర్థమైందన్నట్టు కన్ను గీటింది.

ఆ తర్వాతి ఆదివారం పిల్లకాలవలో క్రికెట్ టోర్నమెంటు ఎప్పటిలాగే జరిగింది. ఫీల్డర్లు మాత్రం, ఎందుకైనా మంచిదని, వీపులకు బెండ్లు కట్టుకొని ఆడారు.